షీల్డు తీగ రెండో చివర

ఏడేళ్ళ పాటు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పదో తరగతి నుంచీ రోజూ డైరీ రాసే అలవాటు నాది. అందులో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో ఉన్నవి ఇంతే: "వాన. పని అయింది." అయిన మాట నిజమే. అంతకు మూడు వారాల ముందు నేను చేసిన తప్పుని ఆ రోజు నేనే సరిచేశాను. ఆ తప్పు వల్ల ఒక పెద్దాయన అబద్ధాలకోరు అనిపించుకుని పని పోగొట్టుకున్నాడని అక్కడే తెలిసింది. తెలిసి కూడా నోరు తెరవకుండా బస్సెక్కాను.

ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి వృత్తి అనుభవాలు రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నా పని నాకంటే ముందే ముసలిదైపోయింది. డిప్లొమా కాగానే నెల్లూరులో ప్రభుదాసు గారి సర్వీసు షాపులో చేరాను. మా దగ్గరికి వచ్చేవి వేరే షాపులవాళ్ళు ముట్టుకోని పాత కంప్యూటర్లు. రైసు మిల్లులో లారీలు తూచే కాటాకి తగిలించినవి, ల్యాబుల్లో ఏదో ఒక్క పరికరం కోసం బతికున్నవి, సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీల్లో నీళ్ళ వేడి చూసేవి. వాటిలో ప్రోగ్రాము రాసినవాళ్ళు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు కాబట్టి వాటిని మార్చడానికి అందరికీ భయం. తొమ్మిదేళ్ళలో అవన్నీ ఒక్కొక్కటిగా తుక్కుకి పోయాయి. ఈ వేసవిలో షాపు మూసేశాం. పాలిటెక్నిక్‌లో నాకు పాఠాలు చెప్పిన మేడమ్, కొత్తగా ఈ పనుల్లోకి వచ్చే పిల్లల కోసం నాలుగు మాటలు రాసివ్వమన్నారు. ఎదురుగా నిలబడి చెప్పమంటే నావల్ల అయ్యేది కాదు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

వెనక వైపు

అందరూ కంప్యూటరుకి ముందు కూర్చుంటారు. నా ఉద్యోగమంతా దాని వెనక గడిచింది. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో మల్టీమీటరు, మోకాళ్ళ కింద పాత పేపరు. చోటు చూపించినవాళ్ళు రెండు నిమిషాల్లో వెళ్ళిపోతారు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మాట్లాడేవాళ్ళుండరు. అన్నం డబ్బా ఒక్కదాన్నే ఏ స్కూటర్ల షెడ్డులోనో విప్పుకునేదాన్ని. సంచిలో ఎప్పుడూ లైబ్రరీ పుస్తకం ఒకటి ఉండేది. ఏం పుస్తకమని ఎవరూ అడగకుండా దానికి న్యూస్‌పేపరు అట్ట వేసేదాన్ని. ఎవరూ అడగలేదు కూడా. ఒంటరితనం ఇష్టమయ్యే ఈ పనిలో చేరాననుకునేదాన్ని. కొన్నాళ్ళకి, అది నేను ఎన్నుకున్నదేం కాదని అర్థమైంది.

పని చాలా చిన్నది. దూరం నుంచి కంప్యూటరుకి వచ్చే కేబుల్లో సన్న తీగలుంటాయి. వాటిలో నడిచే సంకేతం మరీ బలహీనం. పక్కన మోటారు తిరిగితే దాని రొద ఇందులోకి ఎక్కుతుంది. అందుకని ఆ తీగల మీద పల్చటి రేకు, దాని మీద రాగి జాలి కప్పుతారు. దాన్నే షీల్డు అంటాం. రొదని అది తన మీద వేసుకుని నేలలోకి దించేయాలి. అలా దించడానికి దాన్ని ఎర్తుకి కలుపుతాం. మేము చూసే ఇలాంటి తీగల్లో ఒక్క చివరే కలపాలి. రెండు చివర్లూ కలిపితే, రెండు చోట్ల నేల ఒక్కలా ఉండదు కాబట్టి, ఒక నేల నుంచి ఇంకో నేలకి కరెంటు ఆ జాలి మీదుగానే నడుస్తుంది. కంచే చేను మేసినట్టవుతుంది.

చెప్పులేసుకుని టైపు చేసే గుమాస్తా

నేను చేరిన కొత్తలో ఒక రైసు మిల్లు నుంచి పిలుపు వచ్చింది. కాటా దగ్గరి కంప్యూటరు అక్షరాలు తప్పుగా అచ్చు వేస్తోందని. అక్కడ సుబ్బరాయుడు గారని పెద్ద గుమాస్తా. కాళ్ళ కింద నాలుగు మడతల గోనెపట్టా, కాళ్ళకి రబ్బరు చెప్పులు. నేను చెప్పులు బయట విడిచి లోపలికి రాబోతే కంగారుగా ఆపాడు.

"చెప్పులేసుకోని రా పాపా. వట్టి కాళ్ళతో దాన్ని ముట్టుకోబాక."

షాకు కొడుతుందా అని అడిగాను. షాకేమీ కాదన్నాడు. "జిల్లంటది, అంతే. ఏడాది నుంచి అలవాటైపోయింది. ఇంట్లో కంప్యూటరు ముట్టుకుంటే జిల్లనకపోతే, పన్జేస్తుండాదో లేదో అని అనుమానం నాకు."

ఎర్తు తీగ పట్టుకుని గోడ వెంట నడిచాను. అది కొళాయి పైపుకి బిగించి ఉంది. ఒకప్పుడది ఇనప పైపు. ఏడాది కిందట ప్లాస్టిక్ పైపు వేయించారు. ప్లంబరు మంచివాడు. పాత పైపుకున్న క్లాంపుని జాగ్రత్తగా విప్పి, అంతే జాగ్రత్తగా కొత్త ప్లాస్టిక్ పైపుకి బిగించి వెళ్ళాడు. చూడ్డానికి ఎంతో పొందికగా ఉంది.

ఎర్తు తీగ కనబడితే నమ్మకండి. అది మట్టిలోకి దిగే చోటు దాకా చేత్తో పట్టుకుని నడవండి. ఈ పాఠం నాకు తేలిగ్గానే వచ్చింది, ఎవరికీ నష్టం జరగకుండా.

ప్రభుదాసు గారు

ప్రభుదాసు గారు మా చర్చిలో పెద్ద. ఆదివారం ప్రార్థన చేసేటప్పుడు ఎంత మెత్తటి గొంతో, సోమవారం షాపులో అంత గట్టి గొంతు. సోల్డరు సరిగ్గా అతక్కపోతే ముక్కు దగ్గర పెట్టి చూపించేవాడు. పని మాత్రం దాచుకోకుండా నేర్పాడు. "తీగకి రెండు చివర్లుంటాయి. ఒకటి చూసి పని అయిందనబాక" అని నేను చేరిన రోజే చెప్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో అంతకంటే విలువైనది లేదు.

ఇంకొక మాట కూడా తరచూ చెప్పేవాడు. చెడినది బాగైతే బాగైందని చెప్పి వచ్చేయాలి, ఎందుకు చెడిందో కస్టమరుకి చెప్పకూడదు, చెబితే అది మన మెడకే చుట్టుకుంటుంది అని. ఆ మాట తప్పు. అప్పుడు నాకది ఎంతో హాయిగా అనిపించింది. మాట్లాడకుండా ఉండడానికి నాకు ఆయన అనుమతి ఇచ్చినట్టుండేది.

హేచరీ

అల్లూరు దాటాక, సముద్రం ఒడ్డున ఒక హేచరీ. యజమాని పేరు సుధాకర్ గారనుకుందాం. రొయ్యపిల్లలకి నీళ్ళు ఎప్పుడూ ఒకే వేడిలో, ముప్పై ఒకటి డిగ్రీల దగ్గర ఉండాలి. చలికాలంలో హీటర్లు పెడతారు. నీళ్ళలోకి గాలి కొట్టే బ్లోయర్లు ఆగకుండా తిరుగుతుంటాయి. తొట్ల షెడ్డులో ఒక వేడి కొలిచే పరికరం, అక్కడి నుంచి ఆఫీసు గదిలోని పాత కంప్యూటరు దాకా పొడవాటి కేబుల్. దానికి తోడు మస్తాన్ సాయిబు గారు ఉండేవారు. గాజు థర్మామీటరుతో తొట్టి తొట్టికీ తిరిగి, చూసిన అంకె నోటు పుస్తకంలో రాయడం ఆయన పని. అరవైకి దగ్గర పడ్డ మనిషి. థర్మామీటరు ముంచే ముందు మోచెయ్యి నీళ్ళలో పెట్టి, అంకె ఎంతుంటుందో ముందే పైకి చెప్పేవారు. తర్వాత థర్మామీటరు చూసి నవ్వుకునేవారు.

ఉప్పు గాలికి షెడ్డులోని పరికరం పెట్టె తుప్పు పట్టిందని నన్ను పిలిచారు. పాత బ్యాచి రొయ్యపిల్లల్ని తీసేసి, కొత్తది ఇంకా వేయలేదు, బ్లోయర్లు ఆపి ఉన్నాయి. పెట్టె లోపల కేబుల్ విప్పితే, షీల్డు జాలి ఎక్కడా కలిపి లేదు. చివర కత్తిరించి, వెనక్కి మడిచి, టేపు చుట్టి ఉంది. పనిని ఎవరో సగంలో వదిలేసినట్టుంది. అలా దేనికీ తగలకుండా వేలాడే తీగని చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ఆఫీసు వైపు చివర దాన్ని ఎర్తుకి కలిపారా లేదా చూడాలని నాకు తెలుసు. చూడాలంటే కంప్యూటరు వెనక గోడకున్న పెట్టె తెరవాలి. దానికి ఆనుకుని సుధాకర్ గారి కుర్చీ. ఆ కుర్చీలో ఆయన, ఎదురుగా మద్రాసు నుంచి రొయ్యపిల్లలు కొనడానికి వచ్చిన ఇద్దరు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాను. "సార్, ఒక్క నిమిషం లేస్తారా" అనాలి, అంతే. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మూడోసారి వెళ్ళలేదు. ఆ వైపు కలిపి ఉండరులే అనుకుని, షెడ్డు వైపు జాలిని శుభ్రంగా ఎర్తు బోల్టుకి బిగించాను. కంప్యూటరు అంకె, మస్తాన్ సాయిబు గారి థర్మామీటరు అంకె సరిపోయాయి. బ్లోయర్లు తిరిగేదాకా ఆగకుండా వచ్చేశాను.

ఆఫీసు వైపు కలిపే ఉంది. నాకంటే ముందు వచ్చినవాడు షెడ్డు వైపు కావాలనే కత్తిరించాడు. కాకపోతే ఎందుకు కత్తిరించాడో ఒక చీటీ రాసి పెట్టలేదు.

కరెంటు పోయిన రోజు

మూడు వారాల తర్వాత, ప్రింటరు ఆగిందని మళ్ళీ పిలిచారు. ఆ రోజు సన్నగా వాన. నేను కంప్యూటరు పక్కన ఉండగా కరెంటు పోయింది. కంప్యూటరుకి బ్యాటరీ ఉంది, అది ఆగలేదు. షెడ్డులో బ్లోయర్లు ఆగాయి. తెర మీద ముప్పై ఒకటి ఉన్న అంకె ఇరవై ఎనిమిదిన్నరకి పడిపోయింది. జనరేటరు వేశారు. బ్లోయర్లు తిరిగాయి. అంకె మళ్ళీ ముప్పై ఒకటి. రెండు నిమిషాల్లో నీళ్ళు అంత చల్లబడి అంత వేడెక్కవు.

షెడ్డుకి పరుగెత్తాను. అక్కడి ఎర్తు గుంత చూశాను. ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి రోజూ నీళ్ళు పోయడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ తొట్లు కడిగే కామాక్షమ్మ పక్కనే పారే సముద్రం నీళ్ళు రోజూ ఒక బక్కెట్టు పోస్తోంది. ఉప్పు వేసేదెట్లాగూ ఉంది, ఉప్పు నీళ్ళే అయితే ఇంకా మంచిది గదా అంది. ఎవరూ కాదనలేదట. క్లాంపు ముట్టుకుంటే టీలో నానిన బిస్కెట్టులా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. అంటే షెడ్డుకి అసలు ఎర్తే లేదు. బ్లోయరు మోటార్ల నుంచి కారే కరెంటు పోవడానికి దారి లేక, నేను బిగించిన షీల్డు మీదుగా ఆఫీసు ఎర్తుకి పోతోంది. పోతూ పోతూ అంకెని రెండున్నర డిగ్రీలు పైకి నెడుతోంది.

షీల్డు విప్పాను. అంకె ఇరవై ఎనిమిదిన్నర దగ్గర నిలబడిపోయింది. జాలిని మడిచి టేపు చుట్టి, మస్తాన్ సాయిబు గారికి చూపిద్దామని వెతికాను. ఆయన థర్మామీటరు మేకుకి వేలాడుతోంది. ఆయన లేరు.

కామాక్షమ్మ చెప్పింది. నీళ్ళు ముప్పై ఒకటి ఉన్నాయని సుధాకర్ గారు హీటర్లు ఆపించారట. సాయిబు నోటు పుస్తకంలో ఇరవై ఎనిమిదిన్నర రాశాడట. చల్లగా ఉన్నాయి సార్, చెయ్యి పెట్టి చూడండి అన్నాడట. ఒకరోజు ఇద్దరూ కలిసి పోల్చి చూశారు. సరిగ్గా ఆ సమయానికి బెల్టు మార్చడానికి బ్లోయర్లు ఆపి ఉన్నాయి. రెండు అంకెలూ ఒకటే వచ్చాయి, ఆ కాసేపు నీళ్ళే చల్లబడ్డాయనుకున్నారట. మీద నిలబడి చూస్తే సరిగ్గా రాస్తాడు, చూడకపోతే కుర్చీలో కూర్చుని నోటికొచ్చింది రాస్తాడు అని సుధాకర్ గారు తేల్చేశారు. చలికి రొయ్యపిల్లలు సోలిపోయి బ్యాచి మొత్తం పోయింది. రెండు రోజుల కిందటే సాయిబుని పంపించేశారు. చుట్టుపక్కల హేచరీలవాళ్ళకి ఆ నోటు పుస్తకం, కంప్యూటరు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించారట.

సుధాకర్ గారు వచ్చారు. ఏమైందని అడిగారు. సరైపోయింది సార్ అన్నాను. కాగితం మీద 'కేబుల్ చూడడమైనది' అని రాసి సంతకం పెట్టాను. ఆయన నాకు టీ తెప్పించి, తనంతట తనే చెప్పారు. "కంప్యూటరు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇంకా ఎన్నాళ్ళు ఆ మనిషిని నమ్మేవాణ్ణో."

టీ తాగాను. చాలా బాగుంది. ఈ ముక్క రాయడానికి అన్నిటికంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

మీకు చెప్పాలనుకున్నది

నాకు ఎర్తింగు రాకపోవడం వల్ల ఇది జరగలేదు. నియమం నాకు వచ్చు. కుర్చీలోంచి లేవమని ఒక మనిషిని అడగలేకపోయాను. మీలోనూ నాలాంటివాళ్ళుంటారు. మనుషులతో మాట్లాడక్కర్లేదని యంత్రాల పనికి వస్తారు. యంత్రానికి రెండో చివర ఎప్పుడూ ఎవరో ఒకరి కుర్చీ వెనకే ఉంటుంది. అడగండి. గొంతు వణికినా అడగండి. మోటార్లన్నీ తిరుగుతుండగా ఇంకోసారి చూడండి. ఏదైనా కావాలని కత్తిరిస్తే ఎందుకో ఒక చీటీ రాసి అక్కడే కట్టండి. తప్పు మీదైతే ఆ రోజే, టీ రాకముందే చెప్పేయండి. ఒక రోజు దాటితే రెండో రోజు ఇంకా కష్టం. నాకు ఏడేళ్ళు పట్టింది.

ఆ ఏడేళ్ళలో ప్రభుదాసు గారికి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఆయన ఏమంటాడో నాకు ముందే తెలుసు కాబట్టి చెప్పలేదు. ఇంట్లో అమ్మ ఏమైందే అలా ఉన్నావని అడిగేది. పుస్తకం చదువుతున్నానుగా అనేదాన్ని.

ఐసు ఫ్యాక్టరీ

ఈ వేసవిలో షాపు మూసే ముందు నేను చేసిన చివరి పని ఆ హేచరీలోనే. కొత్త సిస్టమ్ పెట్టుకున్నారు, పాత కంప్యూటరు విప్పి పట్టుకుపొమ్మన్నారు. సుధాకర్ గారు దాని మీద చెయ్యి వేసి, పాతదైనా ఇది ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదని అక్కడున్నవాళ్ళతో అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. తీగలు చుట్టుకుంటూ తల వంచుకున్నాను. కానీ బయటికి వచ్చాక కామాక్షమ్మని అడిగాను, సాయిబు గారు ఎక్కడున్నారని. అల్లూరులో ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడంది. ఏ హేచరీలోనూ ఎవరూ పెట్టుకోలేదంది.

ఆయన గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఐసు దిమ్మలు లెక్కపెట్టి లారీ ఎక్కించే పని. గెడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టారు. "కేబుళ్ళ పాపవి గదా. చిక్కిపోయినావే" అన్నారు.

నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేను. నేల మీద కరుగుతున్న ఐసు వైపు చూస్తూ మొత్తం చెప్పేశాను. షీల్డు, కుర్చీ, సముద్రం నీళ్ళు, కరెంటు పోవడం, టీ. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక ఒక్క సంగతి అడిగారు.

"అయితే బ్లోయర్లు ఆపితే సరిగ్గా చూపించేదన్న మాట?"

"అవును."

"అదీ సంగతి. ఆ పొద్దు ఎట్టా కలిసిందా అని ఎన్ని తూర్లు అనుకున్నానో. నా థర్మామీటరే నాకు అన్నాయం చేసిందనుకున్నా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ మూడు వారాలూ ఆయన ఏం చేశారో చెప్పారు. ఇంకో థర్మామీటరు తెచ్చి చూశారట, అదీ అంతే చూపించిందట. ఇంటికి వెళ్ళాక తమ్ముడే అడిగాడట, కూర్చుని రాసేవాడివంట గదా అన్నా అని. దానికి మాత్రం తట్టుకోలేకపోయానన్నారు. నేను క్షమించమన్నాను. ఆయన ఎదురు కొట్టు నుంచి గ్లాసు మంచినీళ్ళు తెప్పించారు.

బస్సు వస్తోందని ఎవరో అరిచారు. గేటు దాకా నాతో వచ్చారు. నాకు ఏడుపు రాబోతోందని చూసి, అటు తిరిగి, రోడ్డు వైపు చూస్తూ మెల్లగా అన్నారు.

"నేను రాసింది నిజమేనని నాకు అప్పుడూ తెల్సు పాపా. తెలీనిది సుధాకర్ సారుకి. నువ్వెక్కే బస్సు ఆయన ఇంటి ముందర్నించే గదా పొయ్యేది."